దుప్పటి మగ్గం మీద పెళ్ళిచీర

తాడేపల్లిగూడెం
సెప్టెంబరు 8

అత్తా,

ఫోటో ఒకటి పంపేసి ఊరుకున్నానని కోపం తెచ్చుకోకు. ఫోటోలకి వాట్సాప్, సంగతులకి ఉత్తరం అని నీకు చెవులు పూర్తిగా వినపడడం మానేసిన ఏడు నువ్వే కదా నియమం పెట్టావు. అప్పుడు నేను ఏడో తరగతి. ఇప్పుడు ఏడో తరగతికి లెక్కలు చెప్తున్నాను, నియమం మాత్రం తప్పలేదు.

సంబంధం ఖాయమైంది! ఫోటోలో నా పక్కన నవ్వుతున్నాయనే కౌశిక్. ఏలూరు. జిల్లా పరిషత్ ఆఫీసులో ఉద్యోగం. నాకంటే నాలుగంగుళాలు తక్కువ. నువ్వడక్కముందే చెప్తున్నా. పోయినేడు వచ్చినవాళ్ళు, నేను కాఫీ కప్పులతో గుమ్మంలోకి రాగానే తలెత్తి చూసి, కాఫీ సగంలో వదిలేసి లేచిపోయారు కదా. ఈయన అలా కాదు. నేను గబుక్కున కూర్చోబోతుంటే, "ఉండండి, నిలబడే ఉండండి, నేనూ వస్తాను. ఎలాగూ తెలియాల్సిందే కదండీ" అని లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. అందరూ నవ్వారు, వాళ్ళమ్మగారు తప్ప.

ముహూర్తం మాఘంలో, పొద్దున పూట. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ ముహూర్తాలు పెట్టే నాన్నగారు, నా పెళ్ళికి మాత్రం తన లెక్క మీద తనకే నమ్మకం లేక ఇంకో పురోహితుడి చేత కూడా చూపించారు.

ఇక అసలు చిక్కు. మధుపర్కాలు. మిగతా చీరలైతే ఎలాగో సర్దుకుంటాను. కానీ తాళి కట్టేటప్పుడు, సప్తపది నడిచేటప్పుడు ఒంటి మీద ఉండే తెల్లచీర సంగతి ఏమిటి? చీర ఎంత పొడుగుంటే ఏం లాభం, పన్నా, అదే వెడల్పు, చాలదు. నడుం దగ్గర దోపితే ఎర్ర అంచు మడమకి జానెడు పైనే ఆగిపోతుంది. అమ్మా నేనూ ఏలూరులో అన్ని కొట్లూ తిరిగాం. ఒకాయన చీర నా మీద పెట్టి చూసి, "పన్నా తక్కువ కాదండీ, మీరే ఎక్కువ" అన్నాడు. మనిషి మంచివాడే, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. ఒక వెబ్‌సైట్‌లో "మీ కొలతలకే పెళ్ళిబట్టలు, అందుబాటు ధరలో" అని ఉంది. మధుపర్కాలు కూడా ఉన్నాయి. కొలతలు పంపాను. ఇరవై రోజుల్లో వస్తుందట. నాకెంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

నీ
నాగశ్రీ


కొల్లేటికోట
సెప్టెంబరు 19

నాగూ,

నీ ఉత్తరం మీ మావయ్య ముందు చదివి, మొహం ఇంత చేసుకుని నా చేతికిచ్చారు. చదవకముందే తెలిసిపోయింది. అబ్బాయి మొహం బాగుంది. పక్కన వచ్చి నిలబడ్డాడంటే ఇంకా బాగుంది.

ఇక్కడ వానలు. కొల్లేరు రోడ్డంచు దాకా వచ్చి ఆగింది. చేపల లారీలు అందులోంచే పోతున్నాయి. మీ మావయ్య భాస్కరరావుగారు పింఛను కాగితాల కోసం ఏలూరు వెళ్ళి తడిసొచ్చి తుమ్ముతున్నారు. నాకు వినపడదు కదా, ఆయన తుమ్మినప్పుడల్లా మంచం ఊగితే తెలుస్తోంది.

ఆన్‌లైన్‌లో చీర తెప్పించుకుంటున్నావంటే సంతోషం. నేనూ కొట్టుకెళ్ళడం మానేసి ఎన్నాళ్ళయిందో. వాడి మాట నాకు తెలిసేలోపు కొట్టువాడికి విసుగొస్తుంది. ఫోన్లో అయితే నాకు చెవులు లేవని ఎవరికీ తెలియదు. పోయిన నెల దుప్పట్లు కూడా అలాగే తెప్పించాను, చాలా బాగున్నాయి.

ఒకవేళ ఆ చీర కాస్త పొట్టయినా బెంగపడకు. కట్టు కొంచెం కిందికి దింపి కట్టుకో. మోకాళ్ళు కాస్త మడిచి, తల దించుకుని మెల్లగా నడిస్తే ఎవరూ కనిపెట్టలేరు. పెళ్ళికూతురు తల దించుకుంటే సిగ్గనుకుంటారు, మంచిదే కదా. నేను అలాగే నెట్టుకొచ్చాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మేనత్త
వెంకటసుబ్బలక్ష్మి


తాడేపల్లిగూడెం
అక్టోబరు 11

అత్తా,

పార్సిల్ వచ్చింది. నాన్నగారు పసుపూ కుంకుమా పెట్టి మరీ విప్పారు. లోపల మామూలు చీరే. అంచు కింద ఇంకో గుడ్డముక్క జానెడు వెడల్పున కుట్టేసి ఉంది! ఆ ముక్క తెలుపు ఒక రకం, చీర తెలుపు ఒక రకం. అమ్మ చూసి, "అతుకుల బట్టతో పీటల మీద కూర్చోబెట్టమంటారా నా పిల్లని" అని ఏడ్చింది. తిరిగి పంపుతామంటే, మీ కొలతలకి చేసిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. నాన్నగారు దాన్ని మడత పెట్టి బీరువా మీద పెట్టారు, లోపల కూడా కాదు.

అదలా ఉంచు. పోయిన ఆదివారం కౌశిక్ గారి అమ్మగారు వచ్చారు. వెళ్ళేముందు నన్ను పెరట్లోకి పిలిచి, "సప్తపదికి మావాడి పక్కన కాస్త ఒంగి నడువమ్మా. ఏడడుగులే కదా. ఫోటోలు జీవితాంతం ఉంటాయి" అన్నారు. గట్టిగా కూడా కాదు, బతిమాలుతున్నట్టే అన్నారు. నేను సరేనండీ అన్నాను. రెండు సంబంధాలు పోయాక మూడోది ఏడడుగుల కోసం పోగొట్టుకోవడం ఎందుకనిపించింది. నువ్వు కూడా అదే రాశావు కదా.

అందుకని రోజూ స్కూలు నుంచి వచ్చాక బీరువా అద్దం ముందు అభ్యాసం చేస్తున్నాను. మోకాళ్ళు మడిచి, భుజాలు ముందుకి వంచి, తల దించి. మొదట నవ్వొచ్చేది. ఇప్పుడు అలవాటైంది. నిన్న అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "అచ్చం మీ మేనత్త నడకేనే!" అని ఆశ్చర్యపోయింది. ఎంత బాగా కుదిరిందో చూడు.

నాగశ్రీ


కొల్లేటికోట
అక్టోబరు 16

నాగూ,

మీ అమ్మ అన్న మాట చదివి అన్నం తినలేకపోయాను.

నా గూని వయసుతో వచ్చిందని మీరంతా అనుకుంటున్నారు. నేనూ కాదని చెప్పలేదు. పెళ్ళినాటికి నేను నీ అంత ఉండేదాన్ని. మీ నాన్నకి తెలియదు, అప్పటికి వాడు చిన్నవాడు. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు, "కొంగలా ఏమిటా నడక, తల దించు" అనేవారు. తల దించాను. చీర పొట్టిగా కనపడకుండా మోకాళ్ళు మడిచాను. మగవాళ్ళ ముందు నుంచి వెళ్ళాలంటే భుజాలు వంచాను. కొన్నాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఒళ్ళే నేర్చేసుకుంది. మీ మావయ్య ఎన్నడూ ఒంగమనలేదు. ఒంగొద్దనీ అనలేదు.

మూడేళ్ళ కిందట ఏలూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎప్పట్నుంచీ ఇలా ఉన్నారండీ?" అని కాగితం మీద రాసి అడిగాడు. ఎముక ఇలాగే స్థిరపడిపోయిందట, ఇక తిన్నగా కాదట. పెళ్ళైన దగ్గర్నుంచీ అని చెప్పడానికి నోరు రాలేదు. వయసండీ అని చెప్పాను.

నీకు ఆ సలహా ఎలా రాశానో నాకే తెలియడం లేదు. అన్నం కలుపుకున్నంత మామూలుగా రాసేశాను. నాకది సలహా అనే అనిపించలేదు, అదే నడక అనుకున్నాను.

రేపట్నుంచీ ఆ అద్దం ముందు నిలబడకు. నిలబడితే నిటారుగా నిలబడు. పెళ్ళివారికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం, చెప్పకపోయినా నీ ఇష్టం. ఒంగడం మాత్రం వద్దు. ఏడడుగులు కాదు, ఒక్క అడుగు కూడా వద్దు.

చీర సంగతి నాకొదిలెయ్.

అత్త


తాడేపల్లిగూడెం
నవంబరు 2

అత్తా,

నీ ఉత్తరం స్కూల్లో స్టాఫ్ రూములో చదివాను. తర్వాతి పీరియడ్‌లో బోర్డు మీద ఏం రాశానో తెలియదు. 

వారం రోజులు ఆలోచించాను. నిన్న స్కూలవగానే పాసింజర్ ఎక్కి ఏలూరు వెళ్ళాను. అమ్మావాళ్ళకి చెప్పలేదు. కౌశిక్ గారింకా ఆఫీసు నుంచి రాలేదు. అమ్మగారొక్కరే ఉన్నారు, చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్నారు. నన్ను చూసి కంగారుపడ్డారు. నేనూ కింద కూర్చుని చిక్కుళ్ళు అందుకున్నాను. కళ్ళలోకి చూస్తూ చెప్పే ధైర్యం లేదు, చేతులకి పనుంటే నయమనిపించింది.

"అత్తయ్యగారూ, సప్తపదికి ఒంగి నడవమన్నారు కదండీ. నేను సరేనన్నాను. కానీ నడవలేనండీ."

"ఒక్కరోజుకే కదమ్మా అడిగింది."

"ఒక్కరోజుతో ఆగదండీ. మా మేనత్తకి ఆగలేదు."

నీ సంగతంతా చెప్పాను, అత్తా. నిన్నడక్కుండానే. ఎక్స్‌రే సంగతి కూడా. ఆవిడ చేతిలో కాయ పళ్ళెంలో పెట్టేశారు. అప్పుడన్నారు:

"మావాణ్ణి స్కూల్లో పొట్టిగాడా, పొట్టిగాడా అని ఏడిపించేవారమ్మా. చొక్కా తడిసేలా ఏడుస్తూ వచ్చేవాడు. పెళ్ళిపీటల దగ్గర కూడా ఆ మాట వాడి చెవిన పడుతుందేమోనని నా భయం. నీ మీద కోపం కాదు."

"పడితే పడనివ్వండి, అత్తయ్యగారూ. ఆయన ఆ రోజు అందరి ముందూ లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయనకి ఆ భయం లేదండీ."

ఆవిడ లేచారు. కాఫీ ఇచ్చారు. చిక్కుళ్ళు సగం పొట్లం కట్టి ఇచ్చారు. "నాకు కొంచెం టైమివ్వమ్మా" అన్నారు, గేటు దగ్గర.

ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పేశాను. ఆయన సంధ్యావందనం ముగించి లేచి, "పోతే పోనీ తల్లీ" అన్నారు. అన్నారు కానీ రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగారు. నాకూ భయంగానే ఉంది. అయినా స్టేషన్ నుంచి ఇంటికి నడిచొస్తుంటే ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందో!

నాగశ్రీ


కొల్లేటికోట
నవంబరు 20

నాగూ,

నా సంగతి చెప్పినందుకు ఏమీ అనుకోలేదు. ఇన్నేళ్ళకి నా నడుం ఒకళ్ళకి పనికొచ్చింది.

ఇప్పుడు చీర కథ విను. దుప్పట్లు తెప్పించానన్నాను కదా, చీరాల దగ్గర్నుంచి. రమ్యశ్రీ అని ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న నేసిన దుప్పట్లు ఫోన్లో పెట్టి అమ్ముతుంది. మొన్న పొద్దున పక్క సర్దుతూ దుప్పటి పట్టుకు దులిపితే, అది నా తల మీంచి కాళ్ళ దాకా జారింది. ఇంత వెడల్పు నేసే మగ్గం ఉండగా నా మేనకోడలికి చీర లేకపోవడమేమిటి అనిపించింది. వెంటనే రాశాను. మా రాతకోతలు చూడు:

"అమ్మాయ్, మీ నాన్నగారు పెళ్ళిచీర నేస్తారా?"

"మా నాన్న దుప్పట్లే నేస్తారండీ. చీరలు నేయరండీ."

"దుప్పటి పన్నా ఎంతమ్మా?"

"అరవై అంగుళాలండీ."

"దాన్నే కొంచెం తగ్గించి, సన్న నూలు పెట్టి, ఎర్ర అంచు వేసి, పొడుగ్గా నేస్తే ఏమవుతుంది?"

నేను దుప్పటి మడత పెట్టేశాను. తర్వాత జవాబు వచ్చింది:

"చీరవుతుందండీ."

పక్కన ఒక నవ్వే బొమ్మ. నేను గదిలో ఒక్కదాన్నీ పకపకా నవ్వాను. మీ మావయ్య పేపరు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

వాళ్ళ నాన్నకి మొదట ఇష్టం లేదట. సన్న నూలు పెట్టాలంటే మగ్గం మీద పోగులు సర్దే అచ్చు మార్చుకోవాలి, ఒక్క చీర కోసం ఎవరు మారుస్తారు? నీ ఫోటో పంపాను, కోప్పడకు. కౌశిక్ పక్కన నిలబడ్డ ఫోటో. ఆయన చూసి, "ఈ పిల్లకి నేస్తాను" అన్నాడట. ధర అంటావా, నీ అతుకుల చీరకి పోసినదానికంటే కూడా తక్కువే. మేనత్త కానుక, నోరెత్తకు.

కౌశిక్ వాళ్ళమ్మ కబురేమైనా చేసిందా? నువ్వు రాయలేదంటే చెయ్యలేదనే అనుకుంటున్నాను. ఓపిక పట్టు.

అత్త


తాడేపల్లిగూడెం
జనవరి 18

అత్తా, అత్తా,

ముందు చెడ్డది చెప్పేస్తాను. డిసెంబరులో రమ్యశ్రీ పంపిన మచ్చు ముక్కని నువ్వు తడిపి చూశావు కదా, ఎరుపు దిగి తెలుపంతా గులాబీ రంగైందని రాశావు. ఆ రోజు నేను కాలెండరు చూసుకుని ఏడ్చాను. నీకు రాయలేదు. కౌశిక్ గారి అమ్మగారి దగ్గర్నుంచి కబురు లేదు, చీర లేదు. పెళ్ళికార్డుల ప్రూఫు టేబుల్ మీద పెట్టి నాన్నగారు ప్రెస్సుకి ఇవ్వకుండా తాత్సారం చేస్తున్నారు.

ఇప్పుడు మంచిది. రమ్యశ్రీ వాళ్ళ నాన్న అంచు నూలు మార్చి మళ్ళీ నేశారు. చీర మొన్న వచ్చింది. ఒకే గుడ్డ, అతుకు లేదు. తెలుపంటే పాలమీగడ తెలుపు. అమ్మ ముందు తడిగుడ్డతో అంచు రుద్ది చూసింది. రంగు దిగలేదు. అప్పుడు నాకు కట్టింది.

అత్తా, ఇరవయ్యెనిమిదేళ్ళొచ్చాక మొదటిసారి నా చీర కుచ్చిళ్ళు నా కాలివేళ్ళకి తగిలాయి. అలవాటు లేక అడుగెయ్యబోయి తొక్కేసుకుని మంచం మీద పడ్డాను. అమ్మ భయపడింది. నేను పడుకుని నవ్వుతూనే ఉన్నాను. స్కూల్లో టీచర్లంతా చీర తొక్కుకుని పడ్డామని చెప్పుకునేటప్పుడు నాకేం తెలుసు, ఆ భోగం!

సరిగ్గా అప్పుడే వీధిలో స్కూటర్ ఆగింది. కౌశిక్ గారూ, వాళ్ళమ్మగారూ. చెప్పాపెట్టకుండా. చీర మార్చుకునే వ్యవధి లేదు, అలాగే వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కింద నుంచి పైదాకా చూశారు. కిందికి ఒంగి అంచు చేత్తో పట్టుకుని తిప్పి చూశారు.

"ఎక్కడ దొరికిందమ్మా ఇంత పన్నా?"

"దొరకలేదండీ, నేయించింది మా మేనత్త. దుప్పటి మగ్గం మీద."

"దుప్పటి మగ్గం మీదా!"

ఆవిడ నవ్వారు. నేనావిడ నవ్వు చూడడం అదే మొదటిసారి, కౌశిక్ గారి నవ్వు అక్కడ్నుంచే వచ్చిందని తెలిసింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "మావాడి పంచె కూడా ఆయన చేతే నేయించండి, వదినగారూ. ఇద్దరి మీదా ఒకే నూలుండాలి" అన్నారు. నాన్నగారు ఆ మాట వినగానే కార్డుల ప్రూఫు తీసుకుని చెప్పులు కూడా వేసుకోకుండా ప్రెస్సుకి బయల్దేరారు.

కౌశిక్ గారు వెళ్తూ వెళ్తూ నా దగ్గరికొచ్చి, "ఎండాకాలం మీ నీడన నడుస్తానండీ, నాకు గొడుగు ఖర్చుండదు" అన్నారు. ఒంగే మాట మాత్రం ఆవిడ ఆ రోజు ఎత్తలేదు. పెళ్ళిలో ఎత్తుతారేమో తెలియదు. ఎత్తినా నేను నడిచేది ఎలాగో నాకు తెలుసు.

మీరు రెండు రోజులు ముందే రావాలి.

నాగశ్రీ


కొల్లేటికోట
జనవరి 24

నాగూ,

వస్తున్నాం. పంచె కూడా మగ్గం ఎక్కిందని రమ్యశ్రీ రాసింది. నాకు ముందు వరసలో కుర్చీ ఉంచమని మీ నాన్నకి చెప్పు. మంత్రాలు నాకెలాగూ వినపడవు, నువ్వు కనపడాలి.

అత్త


ఏలూరు
ఫిబ్రవరి 20

అత్తా,

అత్తవారింటి నుంచి మొదటి ఉత్తరం నీకే. ఇక్కడ అంతా బాగుంది. అత్తయ్యగారు వంటింట్లో పైఅర డబ్బాలన్నీ నా చేత దింపించి, సగం ఏళ్ళ తరబడి కనపడనివని సంబరపడ్డారు. కౌశిక్ పెళ్ళి పంచె ఉతికి ఆరేస్తే, పక్కింటావిడ దుప్పటనుకుని అడిగింది.

పెళ్ళి నాకు సగం గుర్తులేదు. పొగ, మంత్రాలు, తలంబ్రాలు. ఒకటి మాత్రం ముల్లులా గుచ్చుకుంటోంది. సప్తపది అయ్యాక నీ దగ్గరికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే నా భుజాలు పట్టుకుని ఆపేశావు. నీ మొహం ఎలాగో ఉంది. అందరికీ పెట్టనిచ్చి నీకే పెట్టనివ్వలేదు. నీ సంగతి అత్తయ్యగారికి చెప్పానని లోపల నొచ్చుకున్నావా? నిన్నడగడానికి ఆ జనంలో వీల్లేకపోయింది.

నాగశ్రీ


కొల్లేటికోట
ఫిబ్రవరి 25

నాగూ,

పెళ్ళికూతురికి తన పెళ్ళి కనపడదు. నేను చూసింది రాస్తాను, దాచుకో.

నువ్వు పీటల మీంచి లేచావు. మండపంలో జనం ఒక్కసారి తలలెత్తారు. పెదాలు కదలడం చూశాను, కొన్ని మాటలు పెదాల మీద చదవగలను. "ఎంత పొడుగో" అంది ఒకావిడ. పక్కావిడ "ఎంత బాగుందో" అంది. కౌశిక్ నీ వేలు పట్టుకున్నాడు. మొదటి అడుగు. నేను నీ మొహం చూడలేదు, నీ కాళ్ళే చూస్తున్నాను. ఎర్ర అంచు పాదాల మీద పడి లేస్తోంది. రెండో అడుగుకి కళ్ళు పైకెత్తాను. భుజాలు తిన్నగా ఉన్నాయి. మెడ తిన్నగా ఉంది. మీ నాన్న మంత్రం చెప్తూ చెప్తూ ఆగాడు, పక్కనున్న పురోహితుడు అందుకున్నాడు. అది నీకు తెలిసుండదు.

నాలుగో అడుగు దగ్గర ఫోటో తీసే ఆయన ఎదురొచ్చి, నీ వైపు చెయ్యి చూపిస్తూ కిందికి, కిందికి అని సైగ చేశాడు.  అప్పుడు మీ అత్తగారు కుర్చీలోంచి లేచింది. ఆవిడ నోరు నాకు కనపడలేదు, వెనక నుంచి చెయ్యి కనపడింది. ఆ చెయ్యి పైకి లేచింది. మీ మావయ్యని మోచేత్తో పొడిచాను. ఆయన పెళ్ళికార్డు వెనక రాసి చూపించారు: "'మా కోడలు ఒంగదండీ. మీరే ఆ కుర్చీ ఎక్కి తీసుకోండి' అంటోంది." అతను నిజంగానే కుర్చీ ఎక్కాడు. కౌశిక్ నవ్వుతున్నాడు. నువ్వు అప్పుడు మంటని చూస్తున్నావు, నీకు తెలియదు. మిగతా మూడడుగులూ నా కళ్ళకి సరిగ్గా ఆనలేదు.

ఇక నీ ప్రశ్న. నొచ్చుకోలేదే, పిచ్చిదానా. ఆ చీరలో అంత నిటారుగా నడిచి వచ్చి నా ముందు ఆగావు. అలా ఉన్న నిన్ను వంచడానికి నాకు మనసొప్పలేదు. పాదాలకి దణ్ణం పెట్టించుకోకపోతే ఆశీర్వాదం తక్కువవుతుందా? నీ తల మీద అక్షింతలు వెయ్యాలంటే నేనే చెయ్యెత్తాలి. ఎత్తాను. నడుం కలుక్కుమంది. మీ మావయ్య పట్టుకోబోయారు, వద్దన్నాను. ఎన్నేళ్ళయిందో, ఒక మనిషి మొహం కోసం నేను అంత పైకి చూసి. ఆ నొప్పికే నా మొహం అలా ఉంది, ఇంకేం కాదు.

నాకు అంత ఎత్తున అందలేదు కాబట్టి పైకి విసిరాను. కొన్ని నీ జడలో ఆగాయి. కొన్ని తిరిగొచ్చి నా మొహం మీదే పడ్డాయి. నేను తుడుచుకోలేదు.

మేనత్త
వెంకటసుబ్బలక్ష్మి